ఇంట్లో ఇంక్యుబేటర్‌తో తొలిసారి గుడ్లు పొదిగిస్తున్నారా? ఎండలు ముదరకముందే చూసుకోవాల్సినవి

శివరాత్రి దాటగానే నాటుకోడి గుడ్ల కోసం నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మిషన్ కొన్నాను, ఎన్ని గుడ్లు పెట్టమంటావు?" అని. సంక్రాంతి హడావుడి అయిపోయి ఉంటుంది, పెట్టలు జోరుగా గుడ్లు పెడుతుంటాయి, పిల్లల సెలవులు దగ్గర పడుతుంటాయి. కోరిక పుట్టడంలో వింత లేదు. చిక్కంతా వేళతోనే.

ఇంక్యుబేటర్ గురించి మనం చూసే వీడియోల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లవి. గుడ్డు చల్లబడుతుందేమోనని వాళ్ల బెంగ. మనకు ముప్పు రెండో వైపు నుంచి వస్తుంది. ఇంక్యుబేటర్‌లో ఉండేది బల్బో హీటరో, అంతే. అది వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. లోపల వేడి హద్దు దాటితే దానికి తెలిసిన పని ఒక్కటే, బల్బు ఆపేయడం. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం రేకుల గదే 40 డిగ్రీలకు పోతే, బల్బు ఆగినా గుడ్డుకు ఒరిగేదేమిటి? ఓ గంట చల్లబడిన గుడ్డు కాస్త ఆలస్యంగానైనా పిల్ల అవుతుంది. 40 దాటి కొన్ని గంటలుంటే లోపలి పిల్ల దక్కడం కష్టం.

కాబట్టి ముందు క్యాలెండర్ తీయండి. కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుకు 28, కంజు పిట్టకు 17 నుంచి 18. మార్చి మొదటి వారంలో కోడిగుడ్లు పెడితే ఆ నెలలోనే పని ముగుస్తుంది. ఏప్రిల్ మధ్యలో మొదలుపెడితే చివరి వారం, అంటే గుడ్డులో పిల్ల పెద్దదై తానే వేడి పుట్టించే వారం, నడి ఎండల్లో పడుతుంది. మట్టిమిద్దె లాంటి చల్లని గది లేనివాళ్లు, ఏసీ లేనివాళ్లు తొలకరి దాకా ఆగడమే మేలు. ఈ మాట చెబితే కొత్తగా మిషన్ కొన్నవాళ్ల మొహం చిన్నబోతుంది. అయినా చెబుతాను.

తెరమీది అంకెను నమ్మకండి

నా మొదటి విడత 24 గుడ్లు. థర్మోకోల్ పెట్టె మిషన్, ముందువైపు ఎర్ర అంకెలు. మూడు వారాలూ అది 37.7 చూపిస్తూనే ఉంది, నేను సంతోషిస్తూనే ఉన్నాను. పందొమ్మిదో రోజుకే పిల్లలు రావడం మొదలైంది. ఏడు వచ్చాయి. వాటిలో మూడింటికి బొడ్డు పూడలేదు. తర్వాత పరీక్షించి చూస్తే అసలు వేడి 38.9 ఉంది. అమ్మినవాణ్ని అడిగితే "అందరికీ బాగానే వస్తున్నాయండీ" అన్నాడు.

ఈ పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. ఇంట్లో జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది కదా. ఒక గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, మిషన్ సెన్సర్ కొననీ థర్మామీటర్ కొననీ పక్కపక్కనే ముంచండి. జ్వరం థర్మామీటర్‌లో 100 అంటే 37.8 డిగ్రీలు. రెండింటికీ తేడా ఎంతుందో పెట్టె మీద స్కెచ్‌పెన్నుతో రాసుకోండి. చిన్న మిషన్లలో ఎక్కువగా కనిపించే డబ్ల్యూ1209 అనే ఉష్ణోగ్రత కంట్రోలర్‌లో ఆ తేడాను సరిచేసుకునే సెట్టింగ్ కూడా ఉంది.

లోపల ఫ్యాన్ ఉన్న మిషన్‌లో 37.5 నుంచి 37.8 మధ్య ఉంచాలి. ఫ్యాన్ లేనిదానిలో వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచి 38.5 దగ్గర పెట్టుకోవాలి. సెన్సర్ ఎక్కడ వేలాడుతోందో చూడండి. బల్బు పక్కన ఉంటే ఒక లెక్క, గుడ్ల పక్కన ఉంటే ఒక లెక్క.

గుడ్లు లేకుండా ఖాళీ మిషన్‌ను రెండు రోజులు నడపండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూసి రాసుకోండి. ఆ రెండు అంకెల మధ్య ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తేడా వస్తే గది మార్చాలి. కిటికీ ఎండ పడేచోటు, ఏసీ గాలి నేరుగా తగిలేచోటు, వంటిల్లు, ఈ మూడూ వద్దు.

కరెంటు

పెట్టెలో నీళ్లూ వైర్లూ బల్బూ ఒకేచోట ఉంటాయి, పెట్టేమో థర్మోకోల్. అంటుకుంటే నిమిషాల్లో కరిగి మండుతుంది. బల్బు ఎక్కడా గోడకు తగలకూడదు, చుట్టూ ఇనుప జాలీ ఉండాలి. టేపు చుట్టిన అతుకులు నీళ్ల ట్రే పైన ఉండకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న సాకెట్ తప్పనిసరి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపేసి పోయండి. బల్బు మార్చాల్సి వచ్చినప్పుడు ఎల్ఈడీ తెచ్చి పెట్టినవాళ్లను చూశాను. వెలుగు వచ్చింది, వేడి రాలేదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బులే కావాలి, అవి ఇప్పుడు అన్ని కొట్లలో దొరకడం లేదు, ఒకటి అదనంగా కొని దాచుకోండి. ఒక్క పెద్ద బల్బు కన్నా రెండు చిన్నవి నయం. రాత్రి ఒకటి మాడిపోయినా రెండోది కాపాడుతుంది.

మా అమ్మమ్మ పొదుగు కోడి గంపలో గుడ్ల కింద ఓ ఇనుప ముక్క పెట్టేది, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా. ఇప్పుడు ఉరుము వినబడితే నాకు గుర్తొచ్చేది ఇన్వర్టర్. చిన్న మిషన్‌ను ఇంటి ఇన్వర్టర్ తేలిగ్గానే మోస్తుంది. అది లేనివాళ్లు కరెంటు పోగానే మూత తెరిచి చూడకండి. రాత్రిపూట అయితే పాత దుప్పటి కప్పి, గాలి రంధ్రాలు మాత్రం మూయకుండా వదిలేయండి. రెండు మూడు గంటల వరకు టెన్షన్ అక్కర్లేదు. పగటి ఎండలో పోతే దుప్పటి పని లేదు, గదిలో గాలి ఆడేలా చూస్తే చాలు.

గుడ్ల ఎంపికలోనే సగం పని

కిరాణా కొట్టు గుడ్లు పెట్టి ఎదురుచూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లేయర్ ఫారాల్లో పుంజే ఉండదు, ఆ గుడ్లలో పిల్ల ఎక్కడి నుంచి వస్తుంది? పుంజుతో తిరిగే పెట్టల గుడ్లే తీసుకోండి, ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు ఉందో లేదో అడగండి. ఇంకో మాట. వనరాజా, గ్రామప్రియ లాంటివి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ సంకరం చేసి రూపొందించిన కోళ్లు. పెరట్లోని వనరాజా గుడ్లను పొదిగిస్తే పిల్లలు వస్తాయి గానీ, తల్లి గుణాలన్నీ వాటిలో కనిపించవు. అసలు రకమే కావాలంటే పిల్లలనో పొదిగే గుడ్లనో ఆ సంస్థ దగ్గర తీసుకోవడం మేలు.

గుడ్డు మధ్యరకం సైజులో, ఆకారం సరిగ్గా ఉండాలి, పగుళ్లు ఉండకూడదు. కడగకండి. పెంకు మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటుంది, అది పోతే సూక్ష్మక్రిములకు దారి దొరికినట్టే. పేడ అంటుకున్న గుడ్డును పక్కన పెట్టేయడమే మంచిది.

నిల్వ దగ్గర మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. పొదిగే గుడ్డును 15 నుంచి 18 డిగ్రీల దగ్గర వారం దాకా దాచవచ్చు. ఫ్రిజ్ దానికి మరీ చల్లన, మార్చి నెల గది మరీ వెచ్చన. 30 డిగ్రీల గదిలో గుడ్డు లోపలి పిండం అరకొరగా పెరగడం మొదలుపెడుతుంది, పొదగకముందే నీరసపడిపోతుంది. పదిరోజులు పోగేసి ఒకేసారి పెట్టిన గుడ్లు ఎండాకాలంలో ఎందుకు ఖాళీగా తేలతాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఈ కాలంలో నాలుగైదు రోజులకు మించి ఆపకండి. తడి ఇసుకలో సగం దాకా పాతిన కుండలో, సన్నకొన కిందికి పెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పితే చల్లగా ఉంటాయి. బస్సు పార్సిల్‌లో అసీల్ (పందెం జాతి) గుడ్లు తెప్పించుకుంటే, వచ్చిన వెంటనే మిషన్‌లో పెట్టకండి, ఒక రోజు కదపకుండా సన్నకొన కిందికి నిలబెట్టి ఉంచండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరిచిపోకండి. అలాంటి వార్త వింటే బయటి గుడ్లూ బయటి కోళ్లూ తేవడం ఆపేయాలి.

మిషన్‌లో యాభై పడతాయని యాభై పెట్టనక్కర్లేదు. మొదటిసారి పన్నెండు నుంచి ఇరవై చాలు.

మూడు వారాలు

పెట్టిన రోజు సున్నా. 24 గంటలు గడిచాక ఒకటో రోజు. సోమవారం పెట్టినవి సరిగ్గా మూడు వారాలకు సోమవారమే వస్తాయి.

ప్రతి గుడ్డుకూ పెన్సిల్‌తో ఒక పక్క సున్నా, రెండో పక్క ఇంటూ గుర్తు పెట్టండి. తిప్పకపోతే పిండం లోపలి పొరకు అతుక్కుపోతుంది. రోజుకు మూడుసార్లో అయిదుసార్లో తిప్పండి. బేసి సంఖ్య ఎందుకంటే, తిప్పకుండా ఉండే రాత్రిళ్లు గుడ్డు ఒకరోజు ఒక పక్కన, మర్నాడు రెండో పక్కన పడుకుంటుంది. ఆటోమేటిక్ ట్రే ఉన్నా ఈ గుర్తులు పెట్టుకోండి. మోటారు చప్పుడు వినిపిస్తుంటే తిరుగుతోందనుకుంటాం, ఒక్కోసారి ట్రే ఇరుక్కుని ఉంటుంది.

తేమ మొదటి 18 రోజులు 45 నుంచి 55 శాతం. కాకినాడ గాలిలో కొన్ని రోజులు ట్రేలో నీళ్లే అక్కర్లేకపోవచ్చు, అనంతపురంలో రోజూ నింపాల్సి రావచ్చు. అందుకే "రెండు గ్లాసులు పోయండి" అనే సలహాకు అర్థం లేదు. తేమ ఎక్కువైతే గుడ్డులో గాలి గది చిన్నదైపోయి, చివర్లో పిల్లకు ఊపిరి ఆడదు. చవక తేమమీటర్ల మీద నాకు నమ్మకం తక్కువ, వంటింటి త్రాసే నయం. పది గుడ్లు కలిపి తూచండి. మొదటిరోజు 450 గ్రాములుంటే పద్దెనిమిదో రోజుకు 395 దగ్గరికి దిగాలి, అంటే సుమారు 12 శాతం. అంతకన్నా తక్కువ దిగుతుంటే నీళ్లు తగ్గించండి, ఎక్కువ దిగుతుంటే పెంచండి.

ఏడో రోజు రాత్రి గది చీకటి చేసి, ఫోన్ టార్చి మీద గుడ్డు లావుకొన ఆనించి చూడండి. సాలెగూడులా ఎర్రని నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఖాళీ. ఎర్రటి ఉంగరంలా గీత ఉంటే మొదలై ఆగిపోయినట్టు. అనుమానం ఉన్నవాటిని తీయకండి, పద్నాలుగో రోజు మళ్లీ చూడండి. వాసన వస్తున్న గుడ్డును మాత్రం ఒక్క క్షణం కూడా ఉంచకండి. అది లోపల పేలితే మిగతా గుడ్లన్నీ పాడవుతాయి, ఇంట్లోవాళ్లు మిమ్మల్నీ మిషన్‌నీ కలిపి బయటపెడతారు.

పద్దెనిమిదో రోజు తర్వాత చేతులు కట్టుకోవాలి

తిప్పడం ఆపేయండి. గోరువెచ్చని నీళ్లు పోసి తేమను 65, 70 శాతానికి పెంచండి. గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి, ఇప్పుడు లోపలివాటికి గాలి ఎక్కువ కావాలి. కింద జారని గుడ్డ గానీ మెత్తని జాలీ గానీ పరవండి. నున్నటి కాగితం మీద పుట్టిన పిల్లల కాళ్లు పక్కలకు జారి అలాగే ఉండిపోతాయి. మూత పెట్టేయండి.

ఇక తెరవకూడదు. నా రెండో విడతలో నేను చేసిన తప్పు ఇదే. మొదటి పిల్ల బయటికొచ్చి అరుస్తోంది, ఇంట్లో పిల్లలు చూస్తామని గోల. తెరిచాను, తీశాను, ఓ పావుగంట ముచ్చటపడ్డాం. ఆలోగా పెంకు పొడిచి ఉన్న నాలుగు గుడ్లలో పొర ఆరిపోయి పిల్లలకు అతుక్కుపోయింది. రెండే బతికాయి. నిజానికి పుట్టిన పిల్లకు తొందరేమీ లేదు. పొట్టలోకి పీల్చుకున్న పచ్చసొన రెండు రోజులకు సరిపోతుంది.

పెంకు పొడిచాక బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. ఆ మధ్య కదలకుండా పడుకుంటే చచ్చిపోయిందని వలిచేయకండి. పొరలోని నెత్తురూ పచ్చసొనా ఇంకా ఒంట్లోకి ఇంకుతూ ఉంటాయి, తొందరపడితే రక్తం కారిపోతుంది. ఇరవై మూడో రోజు దాకా ఆగండి.

ఈలోగా పిల్లల పెట్టె సిద్ధంగా ఉండాలి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు చొప్పున తగ్గించాలి. మన మార్చి ఆఖరులో పగలు బల్బు ఆపేయాల్సి వస్తుంది, తెల్లవారుజామున వేయాల్సి వస్తుంది. గుంపుగా ముడుచుకుంటే చలి, రెక్కలు చాచి నోరు తెరిస్తే వేడి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకపోతే మునిగిపోతాయి. నూకలు ఒక్కటే పెట్టి పెంచకండి, కోడిపిల్లల కోసం చేసే స్టార్టర్ దాణా కావాలి. కొక్కెర తెగులుకు లసోటా చుక్కల మందు అయిదు నుంచి ఏడు రోజుల మధ్య వేయించాలి. మీ ఊరి పశువైద్యశాలలో ముందే అడిగి పెట్టుకోండి, మందు వచ్చే రోజు వేరుగా ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, పిల్లలు కోడిపిల్లలకు ముద్దులు పెట్టకూడదు. మిషన్ శుభ్రానికి ఫార్మలిన్‌లో పర్మాంగనేట్ కలిపి పొగ పెట్టమని కొందరు చెబుతారు. ఇంట్లో ఆ పని వద్దు, ఆ వాయువు మనుషులకే ప్రమాదం. సబ్బునీళ్లూ ఎండా చాలు.

పుట్టినవాటిలో దాదాపు సగం పుంజులే అవుతాయి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు తెల్లవారుజాము నాలుగింటి సంగతి ఇప్పుడే పక్కింటివాళ్లతో మాట్లాడుకోండి.

మిగిలిపోయిన గుడ్లను ఊరికే పారేయకండి, పగలగొట్టి చూడండి. అన్నీ ఖాళీగా ఉంటే పుంజు సంగతో నిల్వ సంగతో చూసుకోవాలి. మొదటి వారంలోనే ఆగిపోయి ఉంటే వేడిని అనుమానించాలి. పూర్తిగా పెరిగిన పిల్ల లోపలే చనిపోయి ఉంటే తేమ, గాలి, తిప్పడం ఈ మూడింటిలో ఎక్కడో లోటు. ఎన్ని ఏ రకమో రాసిపెట్టుకుంటే రెండో విడతకు అదే మీ పుస్తకం. కాకపోతే ఆ పగలగొట్టే పని పెరట్లో, గాలి ఎటు వీస్తోందో చూసుకుని చేయండి.