ప్రతి ఎపిసోడ్‌కీ ఆడియో మార్చే పని లేకుండా

హార్డ్ డిస్క్‌లో దాచుకున్న అనిమే (జపనీస్ యానిమేషన్) సిరీస్ పెడితే ప్రతి ఎపిసోడూ ఇంగ్లిష్ డబ్బింగ్‌తోనే మొదలవుతుంటే విసుగొస్తుంది. ఆ గొంతులు జపనీస్‌లో వింటేనే నాకు తృప్తి. విండోస్ కంప్యూటర్‌లో వీఎల్‌సీ వీడియో ప్లేయర్ వాడేవాళ్లు కంట్రోల్, పి కలిపి నొక్కండి, సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. ఆడియో ట్యాబ్ కింద ప్రిఫర్డ్ ఆడియో లాంగ్వేజ్ అని ఉంటుంది. అక్కడ జె, పి, ఎన్ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు, సబ్‌టైటిల్స్ ట్యాబ్‌లో ఇ, ఎన్, జి కొట్టి సేవ్ చేయండి. వీఎల్‌సీ మూసి మళ్లీ తెరిస్తే చాలు. 26 ఎపిసోడ్లున్నా ఇక ముట్టుకోనక్కర్లేదు.

ఫైల్‌లోని ఆడియో, సబ్‌టైటిల్ ట్రాకులకు భాష పేరు పెట్టి ఉండకపోతే మాత్రం ఇది పనిచేయదు. కొన్నింటిలో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రెండుంటాయి, ఒకటి తెరపై కనిపించే బోర్డులకూ పాటలకూ మాత్రమే. డైలాగులు రాకపోతే, వచ్చేదాకా వి కీ నొక్కండి.