శ్రీకాకుళం జిల్లాలో వ్యాపార శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టే ముందు

సొంత వ్యాపారం పెట్టుకోదలచిన వారికి శిక్షణ ఇవ్వాలనుకునే సంస్థలు సాధారణంగా హాలు, వక్తలు, ధ్రువపత్రాలు అన్న వరుసలో ఏర్పాట్లు మొదలుపెడతాయి. అంతకంటే ముందు శిక్షణ పొందేవారు ఏ సరుకు తయారుచేసి ఎవరికి అమ్ముతారన్నది తేలాలి. ఏ వ్యాపారమైనా సరే రమ్మని పిలిస్తే, ఎవరో రుణం ఇప్పిస్తారన్న ఆశతో వచ్చేవారితోనే హాలు నిండుతుంది. పొందూరులో ఖాదీ వడికేవారి ఇబ్బంది, బుడితి ఇత్తడి పనివారి ఇబ్బంది, పలాసలో జీడిపప్పు తయారీదారుల ఇబ్బంది ఒకటి కావు గనుక, ఒక్కో జట్టును ఒకే వృత్తికి పరిమితం చేయడం మంచిది.

పాఠ్యాంశాలు రాసే ముందు ఆ వృత్తిలో నిలదొక్కుకున్న వారితోనూ, మూసేసిన వారితోనూ విడివిడిగా మాట్లాడాలి; రెండో వర్గం చెప్పేదే ఎక్కువగా పనికొస్తుంది. జీడి పరిశ్రమనే తీసుకుంటే, పిక్కలు ప్రధానంగా వేసవిలో కొన్ని నెలలపాటే దిగుబడి అవుతాయి, పప్పు మాత్రం ఏడాది పొడవునా అమ్ముకోవాలి. కాబట్టి పిక్కలు కోసే యంత్రం, డ్రైయర్ కొనడానికి అప్పు దొరికినా, పిక్కల నిల్వలో ఇరుక్కునే పెట్టుబడికి దారి చూసుకోనివారు సీజను మధ్యలోనే ఆగిపోతారు. ఈ లెక్కను శిక్షణార్థి చేతనే వేయించాలి: 80 కిలోల బస్తా ఉడికించి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీస్తే ఎంత పప్పు వస్తుంది, అందులో గుండ్లు ఎన్ని, బద్దలు ఎన్ని, ముక్కలు ఎన్ని, ఒక్కోదానికి ధర ఎంత, కూలి, కరెంటు, వడ్డీ పోగా మిగిలేదెంత? పప్పు 20 కిలోలు వచ్చిందనుకుంటే, అది 19 కిలోలకు తగ్గినప్పుడు లాభం ఏమవుతుందో కూడా చూపించాలి. నా దృష్టిలో నాయకత్వ లక్షణాల మీద రోజంతా సాగే ఉపన్యాసం కంటే ఈ ఒక్క పూట లెక్క విలువైనది. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి, చేతుల రక్షణ ఖర్చును కూడా ఆ లెక్కలో చేర్చాలి.

రుణాల విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద, 2022లో సవరించిన పరిమితుల ప్రకారం తయారీ యూనిట్‌కు 50 లక్షల రూపాయలు, సేవల యూనిట్‌కు 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు వ్యయం చూపవచ్చు. గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వంటి ప్రత్యేక వర్గాలకు 35 శాతం రాయితీ నిర్ణయించారు. అయితే ఆ రాయితీ వెంటనే చేతికి వచ్చే సొమ్ము కాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది. ఇది మొదటి రోజే చెబితే కొందరు వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. తాజా నిబంధనలను జిల్లా పరిశ్రమల కేంద్రంలో సరిచూసుకొని, బ్యాంకు మేనేజరును ప్రారంభోత్సవానికి కాకుండా దరఖాస్తులు పరిశీలించే రోజుకు పిలవాలి.

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు వసతితో సహా ఉచితంగానే శిక్షణ ఇస్తున్నాయి కనుక, వారి కోర్సుల పట్టిక చూసి, వారు చెప్పని అంశాన్నే మీరు ఎంచుకోవాలి. వరి నాట్లకు, కోతలకు మధ్య కాలంలో తరగతులు పెడితే హాజరు నిలకడగా ఉంటుంది, పిక్కల సీజనుకు ముందే రుణం కాగితాలు పూర్తిచేయడానికీ వ్యవధి మిగులుతుంది. విజయనగరం పరిసరాల నుంచి కూడా వచ్చేవారుంటే దసరా, పైడితల్లి సిరిమానోత్సవం రోజులు వదిలిపెట్టాలి. జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే మహిళలకు సరుకు నాణ్యత అందరికంటే బాగా తెలుసు. వారు రావాలంటే రోజు కూలి పోని వేళలు పెట్టాలి.

చివరగా, బడ్జెట్‌లో కొంత భాగాన్ని తరగతులు ముగిశాక చేసే పనికి ముందే విడిగా ఉంచాలి. కనీసం రెండేళ్లపాటు ఒక మనిషి నెలకోసారి ఒక్కో యూనిట్‌కు వెళ్లి, కొనుగోలు, అమ్మకం, బాకీల పుస్తకం చూడాలి. ఆ మనిషి జీతానికి డబ్బు లేకపోతే జట్టును సగానికి తగ్గించుకోవడమే మేలు.