ఇంట్లో కట్టిన కారుకు సస్పెన్షన్, బ్రేకులు బిగించేటప్పుడు

బండి జాకీ మీద ఉండగా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చెయ్యి) బుష్ (దాని కీలులోని రబ్బరు) బోల్టులు పూర్తిగా బిగించొద్దు. చేత్తో తిరిగినంత తిప్పి వదలండి. నాలుగు చక్రాలూ నేలకు ఆని, బండి బరువంతా దిగాకే టార్క్ రెంచి (బిగింపు కొలిచే పానా) పట్టాలి. లేదంటే రబ్బరు మెలిపడే ఉండి, అనంతపురం పల్లెదారుల గతుకులకు తొందరగా చీలుతుంది.

కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కే బ్రేకు భాగం) మీది నిపుల్ (గాలి తీసే చిన్న మర) పైవైపే ఉందా చూడండి. కుడి ఎడమ కాలిపర్లు మారితే అది కిందికొస్తుంది. ఎంత తొక్కినా గాలి పోదు, పెడల్ మెత్తగానే ఉంటుంది. బాగున్న మాస్టర్ సిలిండర్‌ను (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) అనవసరంగా మార్చేది ఇక్కడే.

బ్రేక్ హోస్‌ను కాలిపర్‌కు బిగించే బోల్టుకు కొత్త రాగి వాషర్లు రెండు, హోస్ కంటికి (చివరి రింగుకు) చెరోవైపు ఒకటి. పాతవి నొక్కుకుపోయి ఆయిల్ చెమ్మగిల్లుతుంది.

డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ సీలు విప్పని డబ్బాదే పోయండి. తేమ పీల్చుకుంటే కనీస మరుగు స్థానం 230 డిగ్రీల నుంచి 155కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే బ్రేకు పట్టదు, అదే ప్రాణాల మీదికి తెస్తుంది. పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.