గ్రైండర్, బ్రేకర్ పట్టాక చేతులు తిమ్మిరెక్కుతుంటే: సమస్య - పరిష్కారం

పోయిన చలికాలం ఒక సాయంత్రం సైట్‌కి టీ వచ్చింది. ఆ రోజంతా బ్రేకర్‌తో (గోడలు, కాంక్రీటు పగలగొట్టే కరెంటు సుత్తి) పాత బాత్రూమ్ పగలగొట్టిన కుర్రాడు గాజు గ్లాసు అందుకుని, వెంటనే రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. "ఏమైంది తమ్ముడూ?" అన్నాను. "గ్లాసు చేతిలో ఉందో లేదో తెలీట్లేదన్నా" అన్నాడు. టీ పొగలు కక్కుతోంది. నేనైతే ఆ గ్లాసుని అంచు దగ్గర తప్ప పట్టుకోలేకపోయాను. వాడు నిండుగా గుప్పిట పట్టి నిలబడ్డాడు, వేడి తెలియలేదు.

ఎన్నాళ్లుగా అని అడిగితే రెండు నెలలన్నాడు. "పొద్దున్నకల్లా తగ్గిపోతోంది కదా అని చెప్పలేదు."

పాతికేళ్లుగా గ్రానైట్, టైల్స్ పనిలో ఉన్నాను. ఈ మాట ఎంతమంది దగ్గర విన్నానో లెక్కలేదు. తిమ్మిరి, మొద్దుబారడం, చీమలు పాకినట్టు ఉండటం, జివ్వుమనడం... ఎవరి మాట వాళ్లది. అందరూ చేసేది మాత్రం ఒకటే: చేతులు రెండుసార్లు విదిలించి మళ్లీ మెషిన్ పట్టుకోవడం. అలా చేయొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏ తిమ్మిరి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుంటే చాలావరకు ఆపొచ్చు. పట్టించుకోకపోతే నరం దెబ్బతింటుంది, అది పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

ముందు ఒక అపోహ

ఇంటర్నెట్‌లో వెతికితే, మెషిన్ అదురు (వైబ్రేషన్) వల్ల చేతులకు వచ్చే ఈ జబ్బుకి 'తెల్లవేళ్లు' అనే గుర్తు కనిపిస్తుంది. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బెడ్‌ఫర్డ్ ఊళ్లో సున్నపురాయి చెక్కే కార్మికుల్ని డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరీక్షించారు. గాలి ఒత్తిడితో కొట్టే సుత్తి వాడే ఆ మనుషులకు చలి ఉదయాల్లో వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడి, స్పర్శ పోయేది. ఉలి పట్టుకునే ఎడమ చేతికి ఎక్కువగా వచ్చేది. వైబ్రేషన్‌కి తోడు చలి తగిలితే వేళ్లలోని సన్నని రక్తనాళాలు బిగుసుకుపోతాయి, రక్తం ఆగి వేలు పాలిపోతుంది.

మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే. చీమకుర్తి క్వారీలో మే నెలలో డ్రిల్లు పట్టేవాడికి వేళ్లు తెల్లబడటం ఎప్పుడో గానీ కనిపించదు. దాంతో "నాకు ఆ జబ్బు లేదులే" అనుకుంటారు. కానీ వైబ్రేషన్ రక్తనాళాలతో పాటు నరాలను కూడా దెబ్బతీస్తుంది. నరాల దెబ్బకి చలితో పని లేదు. మనలాంటి వేడి ప్రాంతాల్లో ముందు కనిపించేది తిమ్మిరే. వేళ్లు తెల్లబడేదాకా ఆగితే మనం మోసపోయినట్టే.

లక్షణం: మెషిన్ ఆపాక కాసేపు జివ్వుమని, తర్వాత పోతుంది

కారణం: చర్మం కింద స్పర్శను పట్టే నరాల చివర్లు అదురుకి తాత్కాలికంగా మొద్దుబారడం. అప్పుడప్పుడు వచ్చి, ఐదు పది నిమిషాల్లో పోతే అది హెచ్చరిక మాత్రమే.

టైమ్ చూసుకోండి. బ్రిటన్‌లో ఈ పనులు చేసేవాళ్లని ఆరోగ్య పరీక్షల్లో అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇది: మెషిన్ వదిలాక 20 నిమిషాలకు మించి తిమ్మిరి ఉంటోందా? అవును అయితే అక్కడి నుంచి డాక్టర్ పర్యవేక్షణ మొదలవుతుంది. మనం కూడా అదే గీత పెట్టుకోవచ్చు. 20 నిమిషాలు దాటుతోందంటే, కింద మెషిన్ గురించి, టైమ్ గురించి రాసినవి ఆ వారంలోనే మార్చాలి.

లక్షణం: పని లేని రోజు కూడా వేళ్లు మొద్దుగా ఉన్నాయి, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నారు

ఇది ముదిరిన దశ. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. జేబులో రూపాయి, రెండు రూపాయలు, ఐదు రూపాయల బిళ్లలు వేసుకుని, చూడకుండా ఏది ఏదో వేళ్లతో చెప్పండి. అలవాటైన చేతికి ఇది కష్టం కాదు. తడబడుతున్నారంటే స్పర్శ తగ్గిందన్నమాట. చిన్న స్క్రూ పట్టుకుంటే జారిపోవడం, బలంగా పట్టుకున్నాననుకున్న వస్తువు కింద పడటం కూడా ఇవే గుర్తులు. బ్లేడు తిరిగే మెషిన్ పట్టేవాడికి పట్టు తెలియకపోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

చేయాల్సింది: ఇక్కడ సొంత వైద్యం వద్దు. వైబ్రేషన్ పని ఆపి, న్యూరాలజిస్టుకి (నరాల డాక్టర్) చూపించుకోవాలి. ఇప్పటికి దెబ్బతిన్నదాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చే మందు లేదు, కానీ పని ఆపితే ఇంకా ముదరకుండా ఆగే అవకాశం ఉంది. మేస్త్రీలకు నా విన్నపం: ఇలాంటి మనిషిని పని మాన్పించి ఇంటికి పంపేయకండి. కొలతలు, లెవెలింగ్, గ్రౌటింగ్ (టైల్స్ సందులు నింపడం) అప్పగించండి. కూలి పోతుందని భయపడే ఎవరూ నోరు విప్పరు. పొద్దున్నకల్లా తగ్గుతోందన్నాడు గానీ, మా కుర్రాడు రెండు నెలలు దాచింది కూడా అందుకే.

లక్షణం: రాత్రి నిద్రలో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది, విదిలిస్తే తగ్గుతుంది

ఏ వేళ్లో గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలులో సగం అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని అనుమానించాలి. దీన్ని కార్పల్ టన్నెల్ అంటారు. వైబ్రేషన్, గట్టి పట్టు, మణికట్టు వంచి పనిచేయడం మూడూ కలిస్తే వస్తుంది. గ్రైండర్‌తో (రాయి, టైల్ కోసే చేతి మెషిన్) తలకంటే ఎత్తులో పనిచేసేవాళ్లకు, నేల మీద కూర్చుని టైల్ కోసేవాళ్లకు మణికట్టు వంగే ఉంటుంది. రెండు చేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం ఉంచండి. ఆ వేళ్లలోనే తిమ్మిరి మొదలైతే అనుమానం బలపడుతుంది.

రాత్రిపూట మణికట్టు వంగకుండా ఉంచే స్ప్లింట్ మెడికల్ షాపులో దొరుకుతుంది. మొదటి దశలో చాలామందికి అది పనిచేస్తుంది. బొటనవేలి మొదట్లో కండ పల్చబడినట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆ దశలో ఆపరేషన్ అవసరం కావచ్చు.

లక్షణం: చిటికెన వేలు, దాని పక్క వేలు మాత్రమే

ఇది ఎక్కువగా మోచేతి దగ్గర నరం. మోచెయ్యి గట్టి చోట ఆనించి పనిచేయడం, గంటల తరబడి ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం, చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని పడుకోవడం. ముందు ఇవి మార్చి చూడండి.

లక్షణం: చలిలో వేళ్లు పాలిపోయి, తర్వాత ఎర్రబడి మంట

మన ఊళ్లలో ఇది ఎక్కడ కనిపిస్తుందంటే, డిసెంబరు, జనవరుల్లో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున బైక్ మీద పనికి వెళ్లేవాళ్లలో. హ్యాండిల్ అదురు, చలిగాలి రెండూ ఒకేసారి తగులుతాయి. మన చర్మం రంగుకి వేలి పైభాగంలో పాలిపోవడం అంతగా తెలియదు. గోళ్లు, వేళ్ల లోపలివైపు చూడండి. ఒక్కోసారి ఒక్క వేలిలో సగానికి గీత గీసినట్టు ఆగుతుంది. కనిపించినప్పుడు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి అది మాయమవుతుంది.

బైక్ మీద మందపాటి గ్లౌజులు, ఒంటికి స్వెట్టరు వేసుకోండి. ఒళ్లు చల్లబడినా వేళ్లకు రక్తం తగ్గుతుంది, కాబట్టి చేతులొక్కటే కప్పితే చాలదు. పని మొదలుపెట్టే ముందు చేతులు వేడెక్కనివ్వండి. బీడీ, సిగరెట్ మానాలి. పొగాకులోని నికోటిన్ అవే రక్తనాళాలను బిగిస్తుంది. మంట దగ్గర చేతులు కాచుకునేటప్పుడు జాగ్రత్త, స్పర్శ లేని వేలు కాలినా తెలియదు. వేలి చివర పుండు పడినా, నల్లబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మెషిన్ తప్పు కానివి

పాదాల్లో కూడా తిమ్మిరి ఉంటే షుగర్ పరీక్ష చేయించండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నా, మాంసాహారం తిననివాళ్లయినా విటమిన్ బీ12 కూడా చూపించుకోండి. థైరాయిడ్ తక్కువైనా చేతులు తిమ్మిరెక్కుతాయి. మెడ తిప్పితే చేతిలోకి నొప్పి లాగుతుంటే మెడ ఎముకల్లో కారణం ఉండొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి, కాలు మొద్దుబారి, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. నిమిషం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

మెడికల్ షాపులో అడిగితే బీ కాంప్లెక్స్ మాత్రలు ఇస్తారు. బీ12 లోపం ఉన్నవాళ్లకు అవి కొంత పనిచేయొచ్చు. లోపం లేనప్పుడు ఆ మాత్రలు మింగుతూ అదే బ్రేకర్ పట్టుకుంటే ఉపయోగం లేదు.

అసలు మరమ్మతు: మెషిన్‌లో

చేతికి వైద్యం కంటే ముందు మెషిన్‌కి చేయాలి. గ్రైండర్ మామూలుకంటే ఎక్కువ అదురుతుంటే పవర్ ప్లగ్ తీసి, బ్లేడు విప్పి ఈ వరుసలో చూడండి. మొదట ఫ్లాంజ్, అంటే బ్లేడుని బిగించి పట్టే బిళ్ల. గ్రానైట్ పొడి తడిసి దాని మీద గట్టిపడుతుంది. గోరుమందం పేరుకున్నా బ్లేడు వంకరగా కూర్చుని, తిరిగే ప్రతి చుట్టుకీ ఒకసారి కొడుతుంది. నేను చూసిన వాటిలో చాలాసార్లు తప్పు ఇక్కడే ఉంది, వైర్ బ్రష్‌తో ఐదు నిమిషాల పని. తర్వాత బ్లేడు: అంచు విరిగిందా, వంగిందా, ఒకవైపే అరిగిందా. అలాంటి బ్లేడు పారేయాల్సిందే. తర్వాత స్పిండిల్‌ని (బ్లేడుని తిప్పే ఇరుసు) చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదపండి, వదులుగా కదిలితే బేరింగులు పోయాయి. చివరగా సైడ్ హ్యాండిల్. అది పోయిందని ఒంటి చేత్తో గ్రైండర్ నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ అదురంతా ఒక్క చెయ్యే మోస్తుంది, బ్లేడు ఎగిరితే ఆపే చెయ్యి కూడా ఉండదు.

బ్రేకర్‌కి ఉలి మొన అరిగితే ఒక నిమిషం పని మూడు నిమిషాలు పడుతుంది, చేతికి మూడింతలు అదురు. కాంక్రీటు బెజ్జాలకు మామూలు ఇంపాక్ట్ డ్రిల్లు బదులు రోటరీ హామర్ వాడండి. దాన్ని అంతగా నెట్టాల్సిన పని లేదు, బెజ్జం త్వరగా పడుతుంది. ఏ మెషిన్‌నైనా పట్టు జారనంత వరకే పట్టుకోండి. పిడికిలి ఎంత బిగిస్తే అంత అదురు ఎముకల్లోకి ఎక్కుతుంది. బ్రేకర్ బరువే ఆ పని చేస్తుంది, మీరు ఒళ్లంతా వేసి నొక్కక్కర్లేదు.

గ్లౌజులు కాపాడతాయా?

దీని మీద చాలా డబ్బు వృథా అవుతోంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి ఇంచుమించు 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 183 సార్లు అదురు. పెద్ద బ్రేకర్ నిమిషానికి ఇంచుమించు 1,300 దెబ్బలు కొడుతుంది, అంటే సెకనుకి 22. యాంటీ వైబ్రేషన్ గ్లౌజులు సెకనుకి 150 పైబడిన వేగపు అదురుని అరచేతి దగ్గర కొంత తగ్గిస్తాయి. బ్రేకర్ లాంటి నెమ్మది దెబ్బలు వాటిలోంచి నేరుగా దాటిపోతాయి. పైగా మందం వల్ల ఇంకా గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. గ్లౌజులు వేసుకోండి, అవి కోతల నుంచి, చలి నుంచి కాపాడతాయి. వేసుకున్నాం కదా అని రోజంతా బ్రేకర్ పట్టుకోకండి. హ్యాండిల్‌కి సైకిల్ ట్యూబు చుట్టినా అంతే.

ఎంతసేపు పట్టుకోవచ్చు?

బ్రిటన్‌లో 2005 నుంచి దీనికో చట్టం ఉంది. అక్కడి పాయింట్ల లెక్క మనం కాగితం మీద వేసుకోవచ్చు. మెషిన్ మాన్యువల్‌లో వైబ్రేషన్ విలువ మీ/సె²లో ఉంటుంది. దాన్ని దానితోనే గుణించి, రెండుతో గుణిస్తే గంటకి పాయింట్లు. రోజుకి 100 దాటితే తగ్గించే ఏర్పాట్లు చేయాలి, 400 ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. మెషిన్ నిజంగా నడిచిన టైమ్ మాత్రమే లెక్క.

విలువ 5 ఉన్న చిన్న గ్రైండర్‌కి గంటకి 50 పాయింట్లు, రెండు గంటల్లో 100. విలువ 9 ఉన్న హామర్ డ్రిల్లుకి 162, అంటే 37 నిమిషాల్లో 100. విలువ 15 ఉన్న బ్రేకర్‌కి 450. పదమూడు నిమిషాల్లో 100, యాభైమూడు నిమిషాల్లో 400. మా కుర్రాడు ఆ రోజు ఐదు గంటలు పట్టుకున్నాడు. ఈ లెక్క వేసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాన్యువల్‌లో ఉన్నది కొత్త మెషిన్ విలువ, అరిగిన మెషిన్‌లో ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు మా దగ్గర బ్రేకర్ పని ఒక్కరికే అప్పగించం. ముగ్గురు, మనిషికి పది నిమిషాలు, గోడ మీద సుద్దతో గీతలు. ఒకరు కొడితే ఒకరు రాళ్లు ఎత్తుతారు, ఇంకొకరు కొలతలు. ఎవరి వంతు రోజు మొత్తం మీద యాభై నిమిషాలు దాటనివ్వం. వీలైన చోట గోడలో గాడికి బ్రేకర్ బదులు వాల్ చేజర్ వాడుతున్నాం. పని ఒక రోజు ఎక్కువ పడితే ఇంటి ఓనరుకి ముందే చెబుతాం.

డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి

"చేతులు తిమ్మిర్లు" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఏ మెషిన్, రోజుకి ఎన్ని గంటలు, ఎన్నేళ్లుగా, ఏ వేళ్లు, మెషిన్ వదిలాక ఎంతసేపు ఉంటోంది, సెలవు రోజుల్లో తగ్గుతోందా, ఇవన్నీ రాసుకుని వెళ్లండి. నర్వ్ కండక్షన్ టెస్ట్ (నరం ఎలా పనిచేస్తోందో చూసే పరీక్ష) రాస్తే చేయించుకోండి. అది మణికట్టు, మోచేతి దగ్గర నొక్కుడును బాగా పడుతుంది. వేళ్ల చివరి సన్న నరాల దెబ్బ అందులో కనిపించకపోవచ్చు. రిపోర్టు నార్మల్ వచ్చినా మీ వేళ్లు మొద్దుగానే ఉంటే, ఆ మాట డాక్టర్‌కి మళ్లీ చెప్పండి.

మా కుర్రాడి తిమ్మిరి ఇప్పుడు చాలావరకు తగ్గింది. కుడి చూపుడువేలి కొసలో ఇంకా కొంచెం ఉందంటున్నాడు.