బెజవాడ ఎండకి, మీ తీరుకి తగ్గ వుడీ సెంటు ఎంచుకోవడం ఎలా?

బెసెంట్ రోడ్డులో అయినా, మాల్‌లో అయినా సెంట్ల కౌంటర్ దగ్గర నిలబడితే సేల్స్ కుర్రాడు ముందు అనే మాట ఒకటే: "సార్, ఇది కొట్టుకుంటే పదిమంది తిరిగి చూస్తారు." అట్టపెట్టె మీద ఇంకా ఘనంగా రాస్తారు: ధీరుడట, నాయకుడట, మాట్లాడకుండానే గెలుస్తాడట. వుడీ రకం, అంటే చెక్క వాసన ప్రధానంగా ఉండే మగవాళ్ల సెంట్లకి ఈ పొగడ్తలు మరీ ఎక్కువ. సీసా ఎవరికీ స్వభావాన్ని ఇవ్వదు. అయితే ఏ వాసన ఎంచుకున్నాం, దాన్ని ఎంత దూరం పాకనిచ్చాం అన్నదాన్నిబట్టి ఎదుటివాళ్లు మన గురించి ఒక అంచనాకి వస్తారు. అందుకే "నేనెలాంటివాణ్ణి" అని తల పట్టుకునే ముందు, "రోజూ నా పక్కన ఎవరు, ఎంత దగ్గరగా కూర్చుంటారు" అని చూసుకుంటే సగం పని అయిపోతుంది.

1. షాపుకి వెళ్లేముందు ఇంట్లోనే ముక్కుకి పని చెప్పండి

వుడీ సెంట్లలో వాడే వాసనలు చాలావరకు మనింట్లో ఉన్నవే. గంధంతో మొదలుపెట్టండి. సాన మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి గంధపు చెక్క అరగదీయండి. మొదట్లో తడిసిన రాయి వాసన తప్ప ఏమీ రాదు. నీళ్లు చిక్కబడి లేతరంగు ముద్ద అవుతుండగా, పాలమీగడ లాంటి మెత్తటి వాసన లేస్తుంది. చెయ్యి కడుక్కున్నా వేళ్లకి అంటుకునే ఉంటుంది. గంధంలోని అణువులు బరువైనవి, నెమ్మదిగా ఆవిరవుతాయి. సెంటు తయారుచేసేవాళ్లు దాన్ని చివరిదాకా నిలిచే అడుగు వాసనగా వాడేది అందుకే. ఆ పరిమళమంతా చెట్టు చేవలో ఉంటుంది. ఎర్రచందనంతో దీన్ని కలపకండి. మన శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెక్కకి రంగే తప్ప చెప్పుకోదగ్గ వాసన లేదు. ఎవరైనా "ఎర్రచందనం సెంటు" అని అమ్మితే నవ్వి ఊరుకోండి.

తర్వాత వట్టివేళ్లు. ఎండాకాలం మంచినీళ్ల కుండలో వేసుకునేవే. కాసిని నీళ్లు చిలకరించి వాసన చూస్తే తడిమట్టి, కాస్త చేదు, ఒక చల్లదనం తెలుస్తాయి. ఇది చెక్క కాదు, ఒక గడ్డి మొక్క వేరు, అయినా సెంట్ల లెక్కలో వుడీ కుటుంబంలోకే వస్తుంది. పచ్చౌలి అనే మొక్క నుంచి తీసుకునేది ఆకు, అదీ ఈ కుటుంబమే. దేవదారు జాతి చెక్క వాసన తెలియాలంటే సెడార్ చెక్కతో చేసిన ఖరీదైన పెన్సిల్ ఒకటి కొని చెక్కండి. మన మామూలు పెన్సిళ్లు ఎక్కువగా పోప్లార్ చెక్కవి, వాటికి ఆ పొడి ఘాటు రాదు. ఇక ఊద్. అస్సాం వైపు పెరిగే అగరు చెట్టుకి గాయమై బూజు సోకితే, తనను కాపాడుకోవడానికి అది ఊరించే నల్లటి జిగురులో పుట్టే వాసన అది. అందుకే అంత ఖరీదు. తక్కువ ధరకి 100 మి.లీ. సీసా మీద ఊద్ అని రాసి ఉంటే లోపల ఉన్నది ల్యాబ్‌లో చేసినదే. అందులో తప్పేమీ లేదు, అసలుదని నమ్మి డబ్బు పెట్టకపోతే చాలు.

2. మీ రోజుని బట్టి చెక్కని ఎంచుకోండి

ఏసీ గదిలో నలుగురి మధ్య కూర్చునే ఉద్యోగమైతే దేవదారు, వట్టివేరు మంచివి. శుభ్రంగా, పొడిగా ఉంటాయి, ఎవరి మీదా పడవు. మందుల షాపులు, క్లినిక్కులు తిరిగే మెడికల్ రెప్‌లకీ నా ఓటు వట్టివేరుకే. చెమటతో కలిసినా అది పాడు వాసనగా మారదు. తక్కువ మాట్లాడి ఎక్కువ వినేవాళ్లకి, క్లాసులో పిల్లల మధ్య తిరిగే లెక్చరర్లకి గంధం బాగుంటుంది. ఊద్ వేరే జాతి. మనిషి కంటే ముందు గదిలోకి వస్తుంది. కార్తీకం, మార్గశిరం రాత్రుల్లో పెళ్లి రిసెప్షన్‌కి వేసుకుంటే హుందాగా ఉంటుంది. అదే మే నెలలో కిక్కిరిసిన సిటీ బస్సులో అయితే పక్కవాళ్లకి శిక్ష.

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ల సంగతి వేరు. సీజన్‌లో గాలే ఘాటుగా ఉంటుంది, పొద్దున కొట్టుకున్నది ఎవరికీ తెలియదు. సాయంత్రం స్నానం చేశాక వాడుకోవడమే మేలు.

"ఫర్ మెన్" అన్న ముద్రని మరీ పట్టించుకోకండి. గంధం పెళ్లిళ్లలో ఆడామగా అందరికీ పూస్తాం కదా.

3. పరీక్ష కాగితం మీద కాదు, చేతి మీద

షాపుకి వెళ్లే రోజు డియో, పౌడరు వేసుకోకండి. ముందు కాగితపు పట్టీల మీద మూడు నాలుగు చూసి, నచ్చిన రెండింటిని చెరో చేతి మీద కొట్టించుకోండి. రుద్దకండి. వెంటనే కొననూ వద్దు. మొదటి పావుగంట తెలిసేది నిమ్మజాతి, మిరియాల వాసనలే, సేల్స్ కుర్రాడు అమ్మేది ఆ పావుగంటనే. చెక్క బయటపడేది తర్వాత. బయటికి వచ్చి టీ తాగండి, నాలుగు పనులు చూసుకోండి, ఎండలో కాసేపు నడవండి. రెండు గంటల తర్వాత చేతి మీద మిగిలిందే మీరు రోజంతా మోయబోయే వాసన. ముక్కు అలిసిపోతే కాఫీ గింజలు చూపిస్తారు, వాటికంటే బయటి గాలి నయం.

టెస్టర్ దొరికితే 2006లో వచ్చిన టెర్ డెర్మెస్ ఒకసారి చూడండి, కొనక్కర్లేదు. జాన్ క్లోద్ ఎలెనా చేసిన ఈ సెంటులో నారింజ, మిరియం వాసన తగ్గి వట్టివేరు మిగలడం స్పష్టంగా తెలుస్తుంది. అదే ఏడాది వచ్చిన మాలిక్యూల్ 01లో ఐసో ఈ సూపర్ అనే ఒకే ఒక్క చెక్క వాసన రసాయనం ఉంటుంది. కొందరి ముక్కుకి అది అసలు అందదు. మీకు తెలియకపోతే సీసా నకిలీదని గొడవ పెట్టుకోకండి.

4. "బాగుందా?" అని అడగొద్దు

అలా అడిగితే అందరూ "బాగుంది" అనే అంటారు. చెయ్యి చాపి "ఇది చూస్తే ఏం గుర్తొస్తోంది?" అనండి. ఇంట్లో ఆవిడ "ఏంటండీ, గుళ్లో నిలబడ్డట్టుంది" అంటుంది. స్నేహితుడు "ఏరా, కొత్త సోఫా కొన్నావా?" అంటాడు. అమ్మ "తాతయ్య బీరువా తెరిచినట్టుంది" అంటుంది. అట్టపెట్టె మీద రాసిన నాయకత్వ లక్షణాల కంటే ఈ మూడు మాటలు ఎక్కువ పనికొస్తాయి, రేపు ఆఫీసులో మీ గురించి అనుకోబోయేది వీటికి దగ్గరగానే ఉంటుంది. గుడి గుర్తురావడం మీకు ఇష్టమైతే గంధం కొనేయండి. ఇంటర్వ్యూకి వెళ్తూ సోఫాలా ఉండటం ఇష్టం లేకపోతే ఇంకోటి చూడండి.

5. ఎంత, ఎక్కడ

సీసా మీద ఓ డి టాయ్‌లెట్ అని ఉంటే పలుచటి రకం, అందులో సుగంధ ద్రవ్యం సుమారు 5 నుంచి 15 శాతం; ఓ డి పర్ఫ్యూమ్ అని ఉంటే చిక్కటి రకం, అందులో 15 నుంచి 20 శాతం ఉంటుంది. 40 డిగ్రీలు దాటే మన వేసవిలో ఒళ్లు వేడికి ఏదైనా త్వరగా ఎగురుతుంది, దూరం పాకుతుంది. పగలు టాయ్‌లెట్ రకం రెండు స్ప్రేలు చాలు, ఒకటి ఛాతీ మీద చొక్కా లోపల, ఒకటి మెడ వెనక. చర్మం పొడిబారే చలికాలంలో కాస్త వాజిలీన్ రాసి దానిమీద కొట్టుకుంటే ఎక్కువసేపు నిలుస్తుంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషికి తెలిస్తే సరిపోయినట్టే. లిఫ్ట్‌లో మీరు దిగిపోయాక కూడా వాసన మిగిలితే ఒక స్ప్రే తగ్గించండి.

మధ్యాహ్నానికి మీకే వాసన తెలియడం మానేస్తుంది. అది సెంటు పోయినట్టు కాదు, ముక్కు అలవాటు పడింది. ఆ టైములో మళ్లీ కొట్టుకునేవాళ్ల వల్లే వుడీ సెంట్లకి "తలనొప్పి" అనే పేరు వచ్చింది. ఆల్కహాల్ లేని అత్తరైతే ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది, మణికట్టు మీద ఒక్క చుక్క చాలు. ముదురు రంగు ఊద్ అత్తరు తెల్ల చొక్కాకి తగలనివ్వకండి, మరక వదలదు.

6. సీసాని ఎక్కడ పెట్టాలి

వెలుతురు, వేడి, తేమ మూడూ సెంటుకి శత్రువులే. అద్దం ముందు గూట్లో, బాత్రూమ్‌లో వద్దు. అట్టపెట్టెతో సహా బీరువాలో బట్టల వెనక పెట్టండి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డులో అసలు వదలొద్దు, వాసన చెడిపోవడమే కాదు, లోపల ఉన్నది మండే ఆల్కహాల్. మొదటిసారి కొనేటప్పుడు 30 లేదా 50 మి.లీ. సీసా తీసుకోండి. స్ప్రేకి సుమారు 0.1 మి.లీ. వస్తుంది కాబట్టి 50 మి.లీ. అంటే దాదాపు 500 స్ప్రేలు, రోజుకి రెండు చొప్పున ఎనిమిది నెలలు పైనే వస్తుంది.