పడమటి గోడ వేడికి మా ఇంట్లో పనిచేసిన ఉపాయం

విజయవాడలో మాది పడమర ముఖం ఇల్లు. మే నెలలో రాత్రి పది దాటినా ముందు గది గోడ చేతికి వెచ్చగా తగిలేది. మందపాటి తెరలు, అద్దాలకు నల్ల ఫిల్మ్, పెద్ద కూలర్ ఏవీ పెద్దగా ఉపయోగపడలేదు.

కిటికీపై రెండడుగుల సన్‌షేడ్ ఉందిగా అని చాలామంది అడుగుతారు. మన అక్షాంశంలో మే మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి అప్పటికి అది చాలు. నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా దాని కింద నుంచి దూరుతుంది. దాన్ని ఆపాలంటే నిలువునా అడ్డం ఉండాలి, అదీ గోడకు బయట.

ముందు సాయంత్రం గంట గంటకూ గోడమీద ఎండ హద్దును సుద్దతో గీశాను. ఆ మేరకు గోడకు అడుగు ఎడంగా ఇనుప ఫ్రేము నిలబెట్టించి, వెదురు తడక బిగించాం. పైనా కిందా మాత్రం మూయలేదు. మధ్యలో వేడెక్కిన గాలి పైకి పోవాలి. తడకను గోడకే ఆనిస్తే ఈ లాభం ఉండదు. ఆఖరున గోడకు తెల్ల సున్నం వేయించాం. ఇప్పుడు పడుకునే వేళకు గోడ చల్లబడుతోంది.

మాది కింది అంతస్తు, తొమ్మిదంగుళాల ఇటుక గోడ. పై అంతస్తువాళ్లకు వేడి ఎక్కువగా శ్లాబు నుంచే దిగుతుంది, వారికి ఇది ఒక్కటే చాలకపోవచ్చు. ఈదురుగాలుల భయం ఉన్నచోట కట్టుతీగకు బదులు బోల్టులు వాడండి.