రాత్రి మూడోసారి పిలిచినప్పుడు

అత్తయ్యకి పక్షవాతం వచ్చి రెండేళ్లు. రాత్రి మూడోసారి "అమ్మాయ్" అని పిలిస్తే దుప్పటి విసిరి లేచేదాన్ని. ఆ విసురు ఆవిడకి తెలిసేది. నీళ్లు తాగుతూ నా మొహం వైపు చూసేవారు కాదు.

హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మ ఖేత్త అనే ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన కోర్సు చేశాను. విపశ్యన అంటే బౌద్ధుల ధ్యాన పద్ధతి. 1976 నుంచీ ఉన్న కేంద్రం అది. పదో రోజు మైత్రి ధ్యానం నేర్పారు, అంటే ఒక మనిషిని తలుచుకుని వాళ్లకి మేలు జరగాలని కోరుకోవడం. ఇంటికొచ్చి నేరుగా అత్తయ్యనే తలుచుకుంటూ కూర్చున్నాను. ఐదు నిమిషాలకే ఆవిడ ఎప్పుడో అన్న మాటలన్నీ గుర్తొచ్చి పళ్లు బిగుసుకుపోయాయి.

మీరు అలా చేయకండి. దీనికో వరస ఉంది. ఐదో శతాబ్దంలోనే బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు విశుద్ధిమగ్గం అనే గ్రంథంలో చెప్పాడు: ముందు మీరు, తర్వాత మీరు గౌరవించే మనిషి, ఆపైన ఇష్టమూ కోపమూ లేని మనిషి, ఆఖరున కోపమున్న మనిషి. చనిపోయినవాళ్లని పెట్టుకోవద్దన్నాడు. మా అమ్మని తలుచుకోకుండా ఉండటం నాకు కష్టమే అయింది.

నేను తెల్లవారుజామున ఐదింటికి, పాలవాడు వచ్చేలోపు పావుగంట కుర్చీలో కూర్చుంటాను. మొదటి వారమంతా నాకోసమే: "ఈ అలసట తగ్గాలి, నాకు కంటినిండా నిద్ర పట్టాలి." స్వార్థంలా అనిపిస్తుంది, అయినా మానొద్దు. నాకు ఏం కావాలో తెలిశాకే అత్తయ్యకీ అదే కావాలని తట్టింది.

మూడో మనిషిగా మా సందు చివర ఇస్త్రీ బండి ఆయన్ని పెట్టుకున్నాను. కళ్లు మూసుకుంటే మొహమే గుర్తు రాలేదు, ఎన్నేళ్లుగానో బట్టలు ఇస్తున్నా! మర్నాడు వెళ్లి నిలబడి చూశాను. పెట్టెలో బొగ్గులు సర్దుతున్నాడు. కుడి బొటనవేలి మీద పాత కాలిన మచ్చ, నున్నగా మెరుస్తోంది. అప్పట్నుంచి ఆ మచ్చని తలుచుకుని "ఈ చేయి మళ్లీ కాలకూడదు" అనుకునేదాన్ని. "లోకమంతా బాగుండాలి" అంటే నా మనసు ఎక్కడా నిలవదు. మచ్చ దగ్గర నిలిచింది.

నెల తర్వాత అత్తయ్య. ఆవిడ మాటల జోలికి పోలేదు. చచ్చుబడిన ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంటారు, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. అదొక్కటే చూస్తాను. "ఈ బాధ తగ్గాలి." ఏడుపు ముంచుకొస్తే ఆపేసి మళ్లీ మన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మనమూ మునిగిపోతే ఆవిడకి నీళ్లు ఎవరిస్తారు?

ఇప్పుడు రాత్రి పిలుపు వినగానే మంచం అంచున కూర్చుని, ఒక్క ఊపిరి తీసుకుని, ఆ చేతిని తలుచుకుని లేస్తాను. కొన్ని రోజులు ఇంకా పళ్లు బిగుస్తాయి. ఆ మర్నాడు పొద్దున బలవంతం చేయను. ఇస్త్రీ ఆయన మచ్చ దగ్గరికే వెళ్తాను.